వేళ తెలిసిన ఆకలి



మాస్టారి స్మృతిలో ఏటా జరిగే ఈ ఉపన్యాసం ఇవ్వమని నిర్వాహకులు కోరడం నాకు దక్కిన గౌరవం. ఆయన శిష్యుల్లో ఒకడిగా ఈ బాధ్యతను భక్తితో స్వీకరిస్తున్నాను. ఈ హాలులో ఆయన పేరు విడిగా పలకనక్కర్లేదు. ఇక్కడ జంతుశాస్త్రం చదువుకున్న వాళ్లందరికీ మాస్టారు అంటే ఆయనే. పుస్తకం తెరిచే ముందు పెరట్లోకి చూడమనేవారు. కుడితి వేళ దగ్గరపడేసరికి గేదె ఎందుకు లేచి నిలబడుతుంది, ఎందుకు పలుపు లాగుతుంది అని తరగతిలో అడిగేవారు. ఆకలి వేసి అంటే ఒప్పుకునేవారు కాదు. పగలంతా మేసి వచ్చిన గేదెకు కడుపు ఖాళీగా లేదు కదా అనేవారు. బాల్చీ చప్పుడు విని అంటే, చప్పుడు కాకముందే లేస్తుందే అనేవారు. ఆ ప్రశ్నకు శాస్త్రం వందేళ్లకు పైగా ఇస్తూ వచ్చిన సమాధానాలే ఈనాటి నా ఉపన్యాస విషయం.

నేను చెప్పదలచినది ముందే చెబుతాను. జంతువు తిండి వేళకు ముందే సిద్ధపడటం ఆకలికి ప్రతిచర్య కాదు. అది దేహం లోపల నడిచే ఒక కాలగణన ఫలితం. ఆ కాలగణన సూర్యుణ్ని అనుసరించే మెదడు గడియారానికి లోబడినది కాదు, దానికి స్వతంత్ర అస్తిత్వం ఉంది. దాని స్థానం కోసం శాస్త్రజ్ఞులు మెదడంతా వెతికారు. ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపగల ఒక్క చోటు ఇంతవరకు దొరకలేదు. ఈ దొరకకపోవడాన్ని చాలామంది శాస్త్రానికి తీరని లోటుగా రాశారు. నేను అలా అనుకోను. దేహం కాలాన్ని ఎలా మోస్తుందన్న విషయంలో మన ఊహను మార్చుకోమని ఆ వెతుకులాట మనకు చెబుతోంది.

ఈ విషయం ఎంత పెద్దదో తెలియాలంటే శరీరధర్మ శాస్త్రం పునాదుల దాకా వెళ్లాలి. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ దేహపు అంతర్గత వాతావరణం అన్న భావనను ప్రతిపాదించాడు. బయట ఎండైనా వానైనా లోపలి రక్తం, ద్రవాలు నిలకడగా ఉండటమే స్వేచ్ఛాజీవనానికి ఆధారమని ఆయన సిద్ధాంతం. అమెరికాలో వాల్టర్ కానన్ ఆ భావనకు హోమియోస్టాసిస్ అన్న పేరు పెట్టి, 1932లో వెలువడిన గ్రంథంలో విస్తరించాడు. ఈ సిద్ధాంతం మన పాఠ్యపుస్తకాలన్నిటికీ వెన్నెముక అయింది. అందులో దేహం పని దిద్దుబాటు: చక్కెర పెరిగితే తగ్గించడం, వేడి తగ్గితే పెంచడం. అంటే తేడా ముందు వస్తుంది, దేహం తర్వాత కదులుతుంది.

జీవలోకాన్ని కొంచెం నిదానంగా గమనిస్తే ఈ వరుస తారుమారవుతుంది. తేడా రాకముందే దేహం కదులుతుంది. నిద్ర లేవడానికి ముందే కార్టిసాల్ పెరుగుతుంది. తిండి నోటికి అందకముందే పేగుల్లో జీర్ణరసాలు సిద్ధమవుతాయి. పెళ్లివారు విడిదిలో దిగాక పొయ్యి వెలిగించే ఇల్లు ఉండదు, దేహమూ అంతే. 1986లో మార్టిన్ మూర్-ఈడ్ ఈ రెండింటినీ విడదీసి, జరిగాక దిద్దుకునే సమతుల్యత ఒకటి, జరగబోయేదాన్ని పసిగట్టే సమతుల్యత మరొకటి అని స్పష్టంగా రాశాడు. తిండి విషయంలో ఈ రెండోదాని అవసరం మరీ ఎక్కువ. స్టీఫెన్ వుడ్స్ అన్న శాస్త్రజ్ఞుడు 1991లో ఒక గట్టి మాట రాశాడు: తిండి ప్రాణాధారమే, అయినా ప్రతి భోజనమూ దేహానికి ఒక తాకిడి. ఒక్కసారిగా చక్కెర, కొవ్వు, వేడి వచ్చి పడతాయి. ఆ తాకిడిని తట్టుకోవాలంటే అది ఎప్పుడు వస్తుందో ముందే తెలిసి ఉండాలి.

ముందే తెలియడానికి గడియారం కావాలి. జీవుల్లో గడియారం ఉందన్న తొలి సూచన ఒక మొక్క ఇచ్చింది. 1729లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడు దెమెరాన్ అత్తిపత్తి లాంటి ఒక మొక్కను చీకట్లో ఉంచాడు. వెలుగు లేకపోయినా పగటివేళ దాని ఆకులు విప్పారాయి, రాత్రివేళ ముడుచుకున్నాయి. సూర్యుడు కనిపించకపోయినా మొక్కకు సూర్యుడి వేళ తెలుసు. ఆ తర్వాత దాదాపు రెండు వందల సంవత్సరాలు ఈ విషయం శాస్త్రపు అంచుల్లోనే ఉండిపోయింది.

తిండికీ కాలానికీ ఉన్న ముడిని మొదట చూపినవి తేనెటీగలు. స్విట్జర్లాండ్‌లో మనోవైద్యుడు, చీమల పరిశోధకుడు అగస్త్ ఫొరెల్ ఉదయం పూట ఇంటి వసారాలో కుటుంబంతో కలిసి ఫలహారం చేసేవాడు. బల్ల మీది జామ్ కోసం తేనెటీగలు వచ్చేవి. వాతావరణం బాగా లేక ఇంట్లోనే తిన్న రోజున కూడా, బల్ల మీద ఏమీ లేకపోయినా, ఈగలు అదే వేళకు వచ్చి వెతికాయని ఆయన గమనించాడు. వాసన లేదు, రంగు లేదు, వేళ మాత్రమే ఉంది. ఇదే కాలంలో జర్మనీలో బుట్టెల్-రీపెన్ మరో సంగతి గమనించాడు. బక్‌వీట్ పూలలో మకరందం ఉదయం పూట మాత్రమే ఊరుతుంది, తేనెటీగలు ఆ పొలాలకు ఉదయం పూటే వస్తాయి. పూలు మధ్యాహ్నం కూడా విచ్చుకునే ఉంటాయి, కానీ ఈగలు రావు. వేళ తెలిసిన తేనెటీగకు వృథా ప్రయాణం తప్పుతుంది. ఈ గడియారం ఎందుకు పుట్టిందో ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

గమనికను ప్రయోగంగా మార్చింది మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ శిష్యురాలు ఇంగెబోర్గ్ బెలింగ్. తేనెటీగల వీపుల మీద రంగుచుక్కలు పెట్టి, ఒక్కొక్కదాన్నీ విడిగా గుర్తుపట్టేలా చేసుకుంది. రోజూ ఒకే వేళకు చక్కెరనీళ్లు పెట్టింది. పరీక్ష రోజున గిన్నె ఖాళీగా ఉంచి, ఏ ఈగ ఎప్పుడు వస్తుందో రాసుకుంది. గిన్నె ఖాళీగా ఉన్నా ఈగలు వేళకు వచ్చాయి. అసలు విశేషం ఆ తర్వాతిది. 24 గంటలకోసారి పెడితే నేర్చుకున్న ఈగలు 19 గంటలకోసారి పెడితే నేర్చుకోలేకపోయాయి. గంటలు లెక్కపెట్టడమే అయితే 19 కూడా 24 అంత తేలికే కావాలి. 1929లో ఆమె ప్రచురించిన ఈ ఫలితం ఒక విషయం తేల్చింది. ఈగ లోపల ఉన్నది ఎంత వ్యవధినైనా కొలిచే కొలబద్ద కాదు, భూమి తిరుగుడుతో జతపడిన లయ.

అయితే ఆ లయ బయట నుంచి రావడం లేదని రుజువేమిటి? కాంతి కాకపోతే భూమి నుంచి వచ్చే మరేదో సంకేతం కావచ్చు కదా అన్నారు. ఆస్కార్ వాల్ 1932లో ఉప్పుగనిలోకి తేనెపట్టు దింపి చూశాడు, అక్కడా వేళ తప్పలేదు. చివరికి 1955లో మాక్స్ రెన్నర్ పారిస్‌లో మూసిన గదిలో రాత్రి 8:15 నుంచి 10:15 మధ్య తిండికి అలవాటు చేసిన తేనెటీగలను విమానంలో న్యూయార్క్ తీసుకువెళ్లాడు. అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో అలాంటిదే మరో గదిలో వాటిని విడిచాడు. అవి న్యూయార్క్ వేళను పట్టించుకోలేదు. చివరిసారి తిన్నప్పటి నుంచి 24 గంటలు గడవగానే, పారిస్ వేళకే, గిన్నె దగ్గరికి వచ్చాయి. భూమి సంకేతమేదో నడిపిస్తుంటే అవి మారిన రేఖాంశంతో పాటు మారాలి. మారలేదు. గడియారం లోపలే ఉంది.

ఇక క్షీరదాల సంగతి. జాన్స్ హాప్కిన్స్‌లో కర్ట్ రిక్టర్ 1922లో ఎలుకల మీద తన తొలి అధ్యయనం ప్రచురించాడు. చిన్న కదలికను కూడా నమోదుచేసే బోనుల్లో ఎలుకలను పెట్టి, రోజుకోసారి ఒకే వేళకు మేత వేశాడు. కొద్ది రోజుల్లోనే అవి మేత వేళకు రెండు మూడు గంటల ముందు నుంచే తిరగడం, చక్రం ఎక్కి పరిగెత్తడం మొదలుపెట్టాయి. రిక్టర్ తన సుదీర్ఘ జీవితంలో పెద్ద భాగాన్ని ఈ గడియారం స్థానం వెతకడానికే వెచ్చించాడు. గ్రంథులు తీసి చూశాడు, మెదడులో ఒక్కొక్క భాగాన్నీ గాయపరిచి చూశాడు. చివరికి హైపోథాలమస్ ముందుభాగం దాకా చేరుకున్నాడు. ఒక ప్రశ్నను ఇంతకాలం వదలని మనిషిని స్మరించుకోవడం ఇలాంటి సభలో సముచితమని నా నమ్మకం.

1972 ఈ చరిత్రలో మలుపు. ఆ ఏడాది రెండు బృందాలు, ఒకటి రాబర్ట్ మూర్, విక్టర్ ఐక్లర్‌లది, మరొకటి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఫ్రీడ్రిక్ స్టెఫాన్, ఇర్వింగ్ జుకర్‌లది, వేర్వేరుగా ఒకే నిర్ణయానికి వచ్చాయి. కళ్ల నుంచి వచ్చే నరాలు అడ్డంగా కలుసుకునే చోటుకు సరిగ్గా పైన, ఒక్కో పక్క సుమారు 10,000 నాడీకణాలున్న రెండు చిన్న గుంపులు ఉన్నాయి. వాటి పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. వాటిని తీసేస్తే ఎలుక రోజువారీ లయ చెదిరిపోతుంది. ఎప్పుడు పడితే అప్పుడు నిద్ర, ఎప్పుడు పడితే అప్పుడు నీళ్లు. తర్వాత 1990లో మార్టిన్ రాల్ఫ్, మైకేల్ మెనేకర్ బృందం, జన్యు మార్పు వల్ల 20 గంటల రోజుతో పుట్టిన హామ్‌స్టర్ నుంచి ఈ కణాలను తీసి, వాటిని పోగొట్టుకున్న మరో హామ్‌స్టర్ మెదడులో నాటింది. గ్రహీతకు లయ తిరిగి వచ్చింది. ఆ లయ దాతది. మెదడులో గడియారం ఇక్కడ ఉంది అని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగాలు నాడీశాస్త్రంలో అరుదు.

ఇక్కడితో కథ ముగిసిందనే అనుకున్నారు. ముగియలేదని చూపినవాడు దాన్ని ముగించిన వారిలో ఒకడు కావడం శాస్త్రచరిత్రలో నాకు ఎంతో నచ్చిన ఘట్టం. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి వచ్చాక స్టెఫాన్ తన సహచరులు స్వాన్, సిస్క్‌లతో కలిసి, ఆ కణాల గుంపులు లేని ఎలుకలకు రోజుకోసారి వేళకు మేత పెట్టి చూశాడు. ఆ రోజుల్లో చక్రం తిరిగిన ప్రతిసారీ కదిలే కాగితం మీద ఒక గీత పడేది. ఒక్కో రోజు కాగితాన్నీ కత్తిరించి, ఒకదాని కింద ఒకటి అతికించి చూసేవారు. మేత ఎప్పుడూ అందుబాటులో ఉన్నప్పుడు ఈ ఎలుకల కాగితం మీద గీతలు చల్లినట్టు ఉండేవి, వాటిలో ఏ క్రమమూ లేదు. వేళకు మేత మొదలుపెట్టాక కొద్ది రోజులకు గీతలు ఒకచోట గుమిగూడటం మొదలైంది. మేత వేళకు సరిగ్గా ముందు ఒక నల్లని పట్టీ, రోజు తర్వాత రోజు నిటారుగా కిందికి దిగుతూ కనిపించింది. ఆ తర్వాత కొన్ని రోజులు మేత పూర్తిగా ఆపేస్తే, ఎలుక ఆకలితో ఉన్నా రోజంతా ఒకేలా తిరగలేదు. ఆ వేళకే తిరిగింది, వేళ దాటాక తగ్గింది. మేత వేళను జరిపితే ఎలుక వెంటనే అటు దూకలేదు, రోజుకు కొంచెం కొంచెంగా జరుగుతూ కొత్త వేళకు చేరింది. మేత మధ్య వ్యవధి సుమారు 22 నుంచి 31 గంటల లోపు ఉంటే పట్టుకోగలిగింది, ఆ హద్దులు దాటితే వదిలేసింది. ఇవన్నీ గడియారం లక్షణాలే. గడియారాన్ని తీసేసిన మెదడులో మరో గడియారం నడుస్తోంది. 1979లో ఈ ఫలితం అచ్చయింది. దీనికి రెండేళ్ల ముందే న్యూయార్క్‌లో డొరొథీ క్రీగర్ అలాంటి ఎలుకల్లోనే కార్టికోస్టిరాన్ హార్మోను, దేహపు వేడి కూడా మేత వేళకు ముందే పెరుగుతున్నాయని చూపింది.

ఈ రెండో గడియారం ప్రకృతిలో ఎవరికి కావాలన్న ప్రశ్నకు కుందేలు పిల్లలు జవాబు. ఐరోపా కుందేలు తల్లి పిల్లలను బొరియలో, తన రొమ్ము నుంచి పీకిన వెంట్రుకలతో, ఎండుగడ్డితో చేసిన గూటిలో కంటుంది. తర్వాత వాటిని వదిలి వెళ్లిపోతుంది. 24 గంటలకోసారి మాత్రమే తిరిగి వచ్చి, మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి, మళ్లీ వెళ్లిపోతుంది. పిల్లలకు కళ్లు తెరుచుకోలేదు, చెవులు తెరుచుకోలేదు, బొరియలో చీకటి. మిగతా రోజంతా అవి ఒకదానికొకటి ఒత్తుకుని, గడ్డి కింద వెచ్చగా, కదలకుండా పడుకుంటాయి. తల్లి రాకకు కొంత ముందు వాటి దేహపు వేడి పెరుగుతుంది, కాళ్లు కదుపుతాయి, పైనున్న గడ్డిని నెట్టుకుంటూ బయటికి వచ్చి ఎదురుచూస్తాయి. ఆ మూడు నిమిషాల్లో ఒక్కో పిల్ల తన బరువులో నాలుగో వంతు దాకా పాలు తాగగలదు. వేళ తెలియని పిల్ల గడ్డి కిందే ఉండిపోతే ఆ రోజుకు పాలు తప్పిపోతాయి. వేళ కాకముందే బయటికి వస్తే చలికి తన కొద్దిపాటి శక్తిని పోగొట్టుకుంటుంది. ఈ పసికందుకు సూర్యుడు ఇంకా లేడు, కానీ కాలం ఉంది. ఆ కాలం తల్లి పాల నుంచి వస్తోంది.

అయితే ఆ గడియారం ఎక్కడ? ఇక్కడి నుంచి చరిత్ర సాఫీగా సాగదు. మొదటి అనుమానం కడుపు మీద. జీర్ణాశయానికీ మెదడుకూ వార్త మోసే వేగస్ నరాన్ని కోసి చూశారు, ఎలుక వేళ తప్పలేదు. 1999లో కనుగొన్న గ్రెలిన్ హార్మోను మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. దాన్ని స్రవించే జీర్ణాశయ కణాల్లో సొంత గడియారం ఉందని 2009లో రే సిల్వర్ బృందం చూపింది. అయినా గ్రెలిన్ లేని ఎలుకలూ వేళను పూర్తిగా మరచిపోలేదు. మెదడులో హైపోథాలమస్, లింబిక్ భాగాలు, అనుమస్తిష్కం ఒక్కొక్కటే పరీక్షకు నిలిచాయి. 2006లో హార్వర్డ్‌లో క్లిఫర్డ్ సేపర్ బృందం హైపోథాలమస్‌లోని డోర్సోమీడియల్ న్యూక్లియస్ దెబ్బతింటే ఎలుక ముందస్తు చలనం పోతుందని ప్రకటించింది. అదే ఏడాది కెనడాలో రాల్ఫ్ మిస్ట్‌ల్‌బర్గర్ బృందం ఆ భాగం తీసేసినా ఎలుక వేళకు లేస్తూనే ఉందని ప్రకటించింది. ఒకే భాగం, ఒకే జాతి ఎలుక, రెండు వ్యతిరేక ఫలితాలు.

జన్యువుల వైపు నుంచి చూసినా ఇదే చిక్కు. 1971లో రోనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ పండ్ల ఈగలో పీరియడ్ జన్యువును గుర్తించడంతో మొదలైన దారి, 2017 నోబెల్ బహుమతి దాకా సాగింది. దాని సారాంశం ఇది. క్షీరదాల కణంలో క్లాక్, బీమాల్1 అన్న ప్రొటీన్లు కలిసి పెర్, క్రై అన్న జన్యువులను మేల్కొలుపుతాయి. వాటి నుంచి తయారైన ప్రొటీన్లు పోగుపడి, తమను పుట్టించిన జంటనే అణచివేస్తాయి. అవి కరిగిపోయాక చక్రం మళ్లీ మొదలవుతుంది, ఒక చుట్టుకు సుమారు ఒక రోజు. బీమాల్1 లేని చుంచెలుకకు నిరంతర చీకటిలో రోజే లేదు. అయితే తిండి గడియారం కూడా దీనితోనే నడుస్తుందా? 2006లో స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు పెర్2 జన్యువు చెడిన చుంచెలుకలు మేత వేళను ముందే పట్టుకోలేవన్నారు. 2008లో సేపర్ బృందం, బీమాల్1 లేని చుంచెలుకల డోర్సోమీడియల్ న్యూక్లియస్‌లో ఆ జన్యువును తిరిగి పెడితే తిండి లయ తిరిగొచ్చిందన్నది. మరుసటి ఏడాదే హార్వర్డ్‌లోనే స్టోర్చ్, వైట్జ్ ఇద్దరూ బీమాల్1 ఎక్కడా లేని చుంచెలుకలు కూడా మేత వేళకు ముందే మేలుకుంటున్నాయని చూపారు. మరో ప్రయోగశాల కూడా అదే ఏడాది అదే చెప్పింది. నేను ఈ చివరి ఫలితాల వైపే మొగ్గుతాను. ఉన్నదాన్ని తప్పుగా లేదని చూపడం తేలిక, ఎందుకంటే నీరసించిన జంతువు పరిగెత్తదు. కానీ లయ కళ్లెదుట కనిపిస్తుంటే దాన్ని కాదనడం కష్టం. మనకు తెలిసిన జన్యుచక్రం ఆగిపోయినా నడిచే కాలగణన ఏదో దేహంలో ఉంది.

ఈ వివాదాల పక్కనే నిశ్శబ్దంగా మరో ఆవిష్కరణ సాగింది. గడియారం మెదడులో మాత్రమే లేదు. కాలేయం, మూత్రపిండాలు, క్లోమం, కొవ్వు, దాదాపు ప్రతి అవయవ కణంలోనూ అదే జన్యుచక్రం నడుస్తోంది. 2000లో జెనీవాలో ఉయెలీ షిబ్లర్ బృందం, 2001లో మెనేకర్ బృందం ఎలుకల మేత వేళను తలకిందులు చేసి చూశాయి. పెర్1 జన్యువు పనిచేసినప్పుడల్లా వెలుగు చిమ్మేలా మార్చిన ఎలుకల కాలేయం ముక్కను గాజు పళ్లెంలో ఉంచి మెనేకర్ బృందం ఆ మెరుపును కొలిచింది. రెండు రోజుల్లోనే కాలేయపు గడియారం సుమారు పది గంటలు జరిగింది. సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ గడియారం మాత్రం వెలుగునే పట్టుకుని కదలకుండా ఉంది. అంటే ఒకే దేహంలో ఒకే క్షణాన మెదడుకు ఉదయం, కాలేయానికి సాయంత్రం. నాకు ఈ విషయశాఖలో ఇంతకంటే గంభీరమైన వాక్యం మరొకటి లేదు.

కోరిక వైపు నుంచి కూడా ఒక దారి తెరుచుకుంది. కడుపునిండా మేత అందుబాటులో ఉన్న ఎలుకలకు కూడా రోజూ ఒకే వేళకు రుచికరమైన పదార్థం పెడితే అవి ముందే ఎదురుచూస్తాయని మిస్ట్‌ల్‌బర్గర్, బెంజమిన్ రుసాక్ 1987లోనే చూపారు. మాస్టారి ప్రశ్నలోని గేదెకూ కడుపు ఖాళీ లేదు. 2014లో ఆండ్రూ స్టీల్ బృందం ఒక అడుగు ముందుకు వేసింది. డోపమీన్ డీ1 గ్రాహకాలు లేని చుంచెలుకలు మేత వేళకు ముందే మేలుకోవడం దాదాపు మానేశాయి. మెదడులోని స్ట్రైటమ్ పైభాగంలో ఆ గ్రాహకాలను తిరిగి నెలకొల్పితే ఆ సామర్థ్యం తిరిగి వచ్చింది. ఆకలికీ, కోరికకూ, కదలికకూ ఉమ్మడిగా చెందిన చోటు అది. కాలం కూడా అక్కడ ఒక తంతువుగా అల్లుకుని ఉందన్నమాట.

ఇప్పుడు నా ప్రతిపాదన వైపు వస్తాను. కాంతి గడియారం ఒక్క చోట కుదురుకోవడానికి కారణం ఉంది. సూర్యుడు ఒక్కడే, క్షీరదాలకు వెలుగు లోపలికి వచ్చే దారీ ఒక్కటే, అది కన్ను. తిండి అలా కాదు. అది నోటి రుచిగా, కడుపు నిండుదనంగా, రక్తంలో చక్కెరగా, ఇన్సులిన్‌గా, కాలేయంలో కీటోన్లుగా, మెదడులో తృప్తిగా అనేక ద్వారాల గుండా వస్తుంది. 2019లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక పరిశోధన ఇన్సులినే కణాల్లో పెర్ ప్రొటీన్ తయారీని పెంచి గడియారాలను జరుపుతుందని చూపింది. ఇన్ని దారుల్లో వచ్చే అతిథికి ఒక్క గుమ్మం దగ్గర కాపలా చాలదు. ఒక చోటును నాశనం చేసినా మరో చోటు వేళను నిలబెట్టడం, అందుకే ఒక ప్రయోగశాల ఫలితం మరోచోట చెల్లకపోవడం, ఇవన్నీ ఆ నిర్మాణం నుంచి సహజంగా వచ్చేవే అని నా అభిప్రాయం. బతకడానికి ఇంత అవసరమైన జ్ఞానాన్ని పరిణామం ఒకే గుప్పెడు కణాలకు అప్పగించి ఉంటే, చిన్న దెబ్బకే ప్రాణి తిండి వేళ మరచి నశించేది.

వెలుగు ఒక్కటే కాలసూచిక కాదన్న ఎరుక మన దేశానికి కొత్త కాదు. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ భారతదేశంలో జీవలయల అధ్యయనానికి గట్టి పునాది వేశారు. 1981లో ఆయన మారిముత్తు, రాజన్‌లతో కలిసి ప్రచురించిన పనిలో, చీకటి గుహలో బంధించిన గబ్బిలాలు తోటి గబ్బిలాల రాకపోకలను బట్టే తమ రోజును సరిదిద్దుకున్నాయి. విదేశీ పరికరాలు లేని చోట, దగ్గర్లోని గుహే ప్రయోగశాల అయింది. మన తెలుగు విశ్వవిద్యాలయాల యువ పరిశోధకులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఎందుకంటే తిండి వేళ ఇప్పుడు మనుషుల సమస్య. సింగరేణి గనుల్లో, విశాఖ ఉక్కు కర్మాగారంలో, రాత్రంతా నడిచే ఆసుపత్రుల్లో, అమెరికా వేళకు పనిచేసే హైదరాబాద్ కార్యాలయాల్లో లక్షల మంది అర్ధరాత్రి క్యాంటీన్లో భోజనం చేస్తున్నారు. పాతబస్తీలో రంజాన్ నెలంతా భోజనం సహర్, ఇఫ్తార్ వేళలకు మారుతుంది. అలా మారినప్పుడు దేహం లోపల ఏ గడియారం ఎటు జరుగుతుందో మన జనంలో మనమే కొలవవలసి ఉంది. ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయంలో 2017లో మనుషుల మీద చేసిన అధ్యయనంలో మూడు పూటల భోజనాన్నీ ఐదు గంటలు వెనక్కి జరిపారు. రక్తంలో చక్కెర లయ ఐదున్నర గంటలకు పైగా వెనక్కి జరిగింది, మెదడు గడియారానికి గుర్తయిన మెలటోనిన్ లయ మాత్రం కదల్లేదు. ఎలుక కాలేయంలో కనిపించినదే మనిషి రక్తంలోనూ కనిపించింది. ఒడిశాలో పుట్టి అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న సచ్చిదానంద పాండా బృందం 2012లో ఇంకో కోణం చూపింది. కొవ్వెక్కువ మేతను రోజులో ఎనిమిది గంటలకే పరిమితం చేసిన చుంచెలుకలు, రోజంతా తినే వాటితో సమానమైన కేలరీలు తిన్నా, ఊబకాయం నుంచి చాలావరకు తప్పించుకున్నాయి.

చివరిగా ఒక ప్రయోగం. 2021లో బోస్టన్‌లో ఫ్రాంక్ షీర్ బృందం 19 మంది ఆరోగ్యవంతులైన యువతీ యువకులను ప్రయోగశాలలో ఉంచి, రాత్రి ఉద్యోగాన్ని అనుకరించింది. అందరూ రాత్రి మేలుకున్నారు, పగలు పడుకున్నారు. ఒక గుంపు రాత్రి డ్యూటీ వాళ్లు సాధారణంగా తినేట్టు రాత్రి కూడా భోజనం చేసింది, రెండో గుంపు పగటి వేళల్లో మాత్రమే తిన్నది. రాత్రి తిన్న వాళ్ల రక్తంలో చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే తిన్న వాళ్లలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. నిద్ర వేళ రెండు గుంపులకూ ఒకేలా తప్పింది. మారింది తిండి వేళ ఒక్కటే. మధుమేహం ఇంటింటి మాట అయిన మన రాష్ట్రాల్లో, రాత్రి షిఫ్టు క్యాంటీన్ ఏ గంటకు తెరవాలన్నది ఇక వంటవాళ్లకూ మేనేజర్లకూ మాత్రమే సంబంధించిన విషయం కాదు. దాన్ని నిర్ణయించే ముందు ఆ కార్మికుల రక్తంలో చక్కెరను, నిద్రను, భోజన వేళను ఒకే చార్టు మీద గీసి చూసే అధ్యయనం ఒకటి ఇక్కడి వైద్య కళాశాల, జంతుశాస్త్ర విభాగం కలిసి చేపట్టాలని ఈ వేదిక నుంచి కోరుతున్నాను.